గుర్తుపట్టి ఊరుకోవడమూ ఒక శక్తే!

పోయిన వేసవిలో మా అమ్మాయి దగ్గరికి హైదరాబాద్ వెళ్ళాను. వెళ్ళిన మూడో రోజునే మా మనవడికి విరేచనాలు పట్టుకున్నాయి. వాడికప్పుడు పద్నాలుగో నెల. పొద్దుటి నుంచి మధ్యాహ్నం లోపల ఐదుసార్లు, నీళ్ళలా. జ్వరం లేదు. రక్తం, జిగట లేవు. వాడు ఆడుకుంటూనే ఉన్నాడు, తల్లిపాలు తాగుతూనే ఉన్నాడు. కంగారంతా పెద్దవాళ్ళదే. ‘‘పళ్ళొచ్చే వేళ, అంతేలెండి వదినగారూ’’ అన్నారు మా వియ్యపురాలు. పనమ్మాయి దిష్టి తియ్యమంది. మా అల్లుడు మాత్రం ఏమీ మాట్లాడకుండా చెప్పులేసుకుని వెళ్ళి, పావుగంటలో ఒక సీసాతో తిరిగొచ్చాడు.

సీసా అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని చదివాను. రెండు మందులు కలిపిన యాంటీబయోటిక్.

‘‘డాక్టరుగారు రాశారా బాబూ?’’ అన్నాను.

‘‘లేదండీ, షాపతను ఇచ్చాడు. పోయినసారి కూడా ఇదే పోశాం అత్తయ్యగారూ, రెండ్రోజుల్లో తగ్గిపోయింది.’’

‘‘అయితే ఇప్పుడే పొయ్యకండి. ముందు డాక్టరుకి చూపిద్దాం’’ అన్నాను. అంతే, అందరూ నాకేసి అదోలా చూశారు. పసివాడు అవస్థ పడుతుంటే మందు పొయ్యనివ్వని అమ్మమ్మనయ్యాను. అప్పుడు మా అమ్మాయి అంది: ‘‘మా చిన్నప్పుడు నువ్వే ఫ్రిజ్‌లోంచి తీసి పోసేదానివి కదమ్మా! అప్పుడు గుర్తురాలేదా ఇవన్నీ?’’

నా నోట మాట రాలేదు. ఎందుకంటే అది నిజం. జూనియర్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పినదాన్ని. అయినా పిల్లకి కడుపు కదిలితే, పాత సీసాలో మిగిలిన మందు ఓ చెంచాడు పోసి, పక్కింటావిడకి అప్పగించి, తొమ్మిదిన్నర బస్సు అందుకునేదాన్ని. సెలవులు ఉండేవి కావు. ఉన్నా పరీక్షల ముందు పెట్టడానికి వీల్లేదు. పిల్ల తొందరగా లేచి తిరగాలి, నేను పాఠానికి వెళ్ళాలి. ఆ రోజుల్లో నా లెక్క అంతే.

ఆ మధ్యాహ్నం మా అమ్మాయికి చెప్పలేకపోయిన జవాబే ఇప్పుడు రాస్తున్నాను.

అందరూ శత్రువులేనా?

శరీరం ఒక కోట, తెల్లరక్తకణాలు సైనికులు, సూక్ష్మజీవులు శత్రువులు. బోర్డు మీద బొమ్మ వేసి నేను చెప్పిన పాఠం ఇదే. పిల్లలకి ఇట్టే అర్థమయ్యేది. మార్కులు వచ్చేవి. కానీ ఆ బొమ్మ వల్ల మన ఇళ్ళలో ఒక నమ్మకం గట్టిపడిపోయింది. కడుపులో క్రిమి అంటూ ఉంటే దాన్ని చంపెయ్యాల్సిందే అని.

అసలు లెక్క చూడండి. ఇజ్రాయెల్‌లోని వైజ్మన్ సంస్థ శాస్త్రవేత్తలు 2016లో వేసిన అంచనా ప్రకారం, 70 కిలోల మనిషి ఒంట్లో దాదాపు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. ఆ బ్యాక్టీరియాలో అత్యధిక భాగం పెద్దపేగులోనే. వాటికీ మనకీ మధ్య ఉన్న గోడ మందం ఎంతనుకుంటున్నారు? ఒకే ఒక్క కణం! ఆ గోడలోని కణాలు కూడా నాలుగైదు రోజులకోసారి రాలిపోయి కొత్తవి పుడుతుంటాయి. ఇంత పలచని గోడకి అవతల అంతమంది ఉంటే, నిజంగా అందరితోనూ యుద్ధమే అయితే, మనం ఒక్క రోజు కూడా బతకం.

మరి ఎలా బతుకుతున్నాం? అక్కడే ఉంది అసలు కథ.

ఎవరో తడిమి చూసే చేతులు

మన కణాల మీదా, కణాల లోపలా కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. వాటిని గ్రాహకాలంటారు. చీకట్లో గుమ్మం దగ్గరికి ఎవరైనా వస్తే మనం చెయ్యి తడిమి ‘ఎవరది?’ అంటామే, అలాంటి చేతులవి. బ్యాక్టీరియా పైపొరలో, గోడలో, ఈదే తోకలో మన ఒంట్లో లేని పదార్థాలు ఉంటాయి. ఒక్కో గ్రాహకం వాటిలో ఒక్కో గుర్తును పట్టుకుంటుంది.

వీటి కథలో మొదటి పేజీ ఆడవాళ్ళది కావడం నాకు ప్రత్యేకంగా సంతోషం. 1985లో జర్మనీలో క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్హార్ట్, కేథరిన్ ఆండర్సన్, మరో సహచరుడితో కలిసి, పళ్ళ మీద ముసిరే చిన్న ఈగలో ఒక జన్యువు గురించి ప్రకటించారు. ఈగ పిండంలో వీపు ఎటో పొట్ట ఎటో తేల్చే జన్యువది. దాని పేరు ‘టోల్’. జర్మన్ భాషలో ఆ మాటకి ‘భలే!’ అని అర్థం. 1996లో ఫ్రాన్స్‌లో జూల్స్ హాఫ్‌మన్ బృందం ఈ జన్యువు చెడిపోయిన ఈగలు బూజు పట్టి చచ్చిపోతున్నాయని గమనించింది. అంటే అది కాపలా కూడా కాస్తోందన్నమాట. 1997లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో రుస్లాన్ మెద్జితోవ్, చార్లెస్ జేన్‌వే మనుషుల్లోనూ ఇలాంటిది ఉందని చూపించారు. 1998లో బ్రూస్ బాయిట్లర్ వీటిలో ఒకటి ఏ గుర్తును పడుతుందో తేల్చారు. హాఫ్‌మన్, బాయిట్లర్‌లకు 2011లో నోబెల్ బహుమతిలో సగం దక్కింది.

మనుషుల్లో ఈ కుటుంబానికి చెందిన గ్రాహకాలు పది. నాలుగో నంబరుది కొన్ని బ్యాక్టీరియాల పైపొరలో ఉండే కొవ్వూ చక్కెరా కలిసిన పదార్థాన్ని పడుతుంది. ఐదో నంబరుది బ్యాక్టీరియా ఈదే తోకలోని ప్రోటీన్‌ను పడుతుంది. ఇక్కడొక చిక్కుంది. ఆ పైపొర, ఆ తోక చెడ్డ బ్యాక్టీరియాలకే కాదు, మన కడుపులో ఎప్పటినుంచో కాపురముంటున్న మంచివాటికీ ఉంటాయి. గుర్తు ఒకటే అయినప్పుడు, ఎవరిని కొట్టాలో ఎవరిని వదలాలో ఎలా తెలుస్తుంది?

మా పుట్టింట్లో ఒక కుక్క ఉండేది. పాలబ్బాయి గేటు దగ్గరుంటే తోక కూడా కదిపేది కాదు. అదే మనిషి పొరపాటున పడకగది గుమ్మం దాకా వచ్చాడా, ఇల్లెగిరిపోయేలా అరిచేది. మనిషి మారలేదు, చోటు మారిందంతే. పేగు చేసేదీ అదే. తోకను గుర్తుపట్టే ఆ ఐదో నంబరు గ్రాహకం పేగు కణానికి ముఖ్యంగా లోపలివైపు, రక్తం వైపు ఉంటుందని 2001లో తెలిసింది. బ్యాక్టీరియా గోడ అవతల ఉన్నంతసేపూ గొడవ లేదు. గోడ దాటి లోపలికొస్తేనే కేక. దానికితోడు గోడకీ బ్యాక్టీరియాకీ మధ్య జిగురుపొర ఒకటి. ఆ జిగురులోకి మన ఒళ్ళు వదిలే ‘ఐజీఎ’ అనే ప్రతిరక్షకాలు వాటికి పూతలా పట్టి, దగ్గరికి రాకుండా చూస్తాయి. చంపడం తక్కువ, ‘అక్కడే ఉండు’ అనడం ఎక్కువ.

గోడ బాగుచేసే మాట

ఇంతవరకూ చెప్పింది సహించడం గురించి. నన్ను నిజంగా కదిలించింది 2004లో మెద్జితోవ్ బృందం ప్రచురించిన ఒక ప్రయోగం. కొన్ని ఎలుకలకి నాలుగు రకాల యాంటీబయోటిక్స్ ఇచ్చి కడుపులోని బ్యాక్టీరియాని తుడిచేశారు. తర్వాత పేగు పొరను గాయపరిచే రసాయనం నీళ్ళలో కలిపి ఇచ్చారు. మామూలు ఎలుకలు తట్టుకున్న మోతాదుకే ఈ ఎలుకలు రక్తం పోయి చచ్చిపోయాయి. క్రిములు లేవు కదా, ఇంకా బాగుండాలి కదా! కాదు. ఆ ఎలుకల్లోనే కొన్నింటికి ముందుగా బ్యాక్టీరియా పైపొర పదార్థాన్ని మాత్రం తాగే నీళ్ళలో కలిపి పెడితే, అవి బతికాయి. బ్యాక్టీరియా ఉండి, గుర్తుపట్టే గ్రాహకాల వ్యవస్థ లేని ఎలుకలు కూడా చచ్చిపోయాయి.

దీని అర్థం ఏమిటి? ఆ గ్రాహకాలు మంచి బ్యాక్టీరియాని చూసి కేవలం ‘ఊరుకోవడం’ లేదు. రోజూ వాటిని తాకి, గుర్తుపట్టి, ‘గోడ బాగుచేసుకుంటూ ఉండు’ అని పేగుకి కబురు పెడుతున్నాయి. ఆ పలకరింపు ఆగిపోతే గోడకి పడ్డ గాయం మానదు.

మనుషుల్లోనూ దీన్ని బలపరిచే సంగతి ఒకటుంది. బ్యాక్టీరియా గోడలోని చిన్న ముక్కను గుర్తుపట్టే ‘నోడ్-2’ అనే గ్రాహకం ఒకటి కణం లోపల ఉంటుంది. ఐరోపా మూలాలున్న వారిలో ఈ జన్యువులో లోపం ఉంటే క్రోన్స్ అనే పేగువాపు వ్యాధి వచ్చే అవకాశం పెరుగుతుందని 2001లో రెండు బృందాలు చూపించాయి. గుర్తుపట్టడం తగ్గితే పోట్లాట తగ్గాలి కదా అనిపిస్తుంది. కానీ పెరిగింది. సంసారాల్లోనూ అంతే కదండీ. అర్థం చేసుకోలేనివాళ్ళే ఎక్కువ అరుస్తారు.

పారబోసిన పాలు

ఈ నేర్పు పుట్టుకతో పూర్తిగా రాదు. మొదటి రెండు మూడేళ్ళలో కుదురుకుంటుంది. దానికి మొదటి పాఠం చెప్పేది తల్లిపాలే. తల్లి పేగులో తయారైన రోగనిరోధక కణాలు కొన్ని రక్తం ద్వారా ప్రయాణించి రొమ్ములో చేరతాయి. అక్కడ ఐజీఎ తయారుచేసి పాలలోకి వదులుతాయి. అంటే తల్లి కడుపు ఏ క్రిముల్ని చూసిందో, ఏవి ఆ ఇంటివో, ఆ ఎరుక పాలతోపాటు బిడ్డకి అందుతుంది. పాలలో బిడ్డ అరిగించుకోలేని చక్కెరలు కూడా ఉంటాయి. అవి బిడ్డ కోసం కాదు, బిడ్డ కడుపులోని బిఫిడో బ్యాక్టీరియా కోసం! ఈ ఐజీఎ అన్నిటికన్నా చిక్కగా ఉండేది ముర్రుపాలలోనే.

1991లో మా అమ్మాయి పుట్టినప్పుడు మూడు రోజులు నా ముర్రుపాలు పిండి పారబోయించారు. ‘‘పసుపుపచ్చగా ఉన్నాయి, పిల్లకి అరగవు’’ అన్నారు పెద్దవాళ్ళు. పంచదార నీళ్ళు పట్టించారు. బయాలజీ చదువుకున్న నేను నోరెత్తలేదు. బాలింతరాలి మాట వినేదెవరు? మా అమ్మాయి చిన్నప్పుడు తరచు జబ్బుపడేది. దానికి ఇదే కారణమని నేననను. ఒక పిల్లని చూసి అలా తేల్చకూడదు. కానీ ఆ గిన్నె, ఆ పాలు ఇప్పటికీ నా కళ్ళముందు కదులుతాయి.

ఇప్పుడు మన రాష్ట్రాల్లో ఇంకో సంగతి ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆపరేషన్ కాన్పులు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. ఆపరేషన్‌తో పుట్టిన పిల్లల కడుపులో మొదటి వారాల్లో చేరే బ్యాక్టీరియా వేరుగా ఉంటుంది. ఆపరేషన్ అవసరమైన తల్లిని దీనికి తప్పుపట్టడం అన్యాయం. అలాంటి బిడ్డకి పాలు ఆలస్యం చెయ్యకుండా పట్టించేలా సాయం చెయ్యడం ఆసుపత్రి బాధ్యత, ఇంటివాళ్ళ బాధ్యత.

మంచి బ్యాక్టీరియా విలువ మన పక్క రాష్ట్రంలోనే రుజువైంది. ఒడిశా పల్లెల్లో పినాకి పాణిగ్రాహి బృందం 4,556 మంది నవజాత శిశువుల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. తల్లిపాలు తాగుతున్న పిల్లలకి వారంరోజుల పాటు ఒక ప్రత్యేకమైన లాక్టోబాసిల్లస్ రకాన్ని, దానికి ఆహారమయ్యే చక్కెరతో కలిపి ఇచ్చారు. రక్తంలో విషక్రిములు చేరడం, మరణాలు కలిపి చూస్తే 40 శాతం తగ్గాయి. ఇది చదివి షాపులో కనిపించిన పొట్లమల్లా కొనేయకండి. అది ఫలానా రకం బ్యాక్టీరియా, ఫలానా మోతాదు. అన్నీ ఒకటి కావు.

మందు మీద కోపం కాదు

యాంటీబయోటిక్ చెడ్డదని నేను చెప్పడం లేదు. అలా చెబితే యల్లాప్రగడ సుబ్బారావుగారికి ద్రోహం చేసినట్టే. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన, ఇద్దరు సోదరుల్ని స్ప్రూ అనే పేగుల వ్యాధికే పోగొట్టుకున్నారు. అమెరికాలో ఆయన పరిశోధనల్ని నడిపించిన లెడర్లీ ప్రయోగశాల నుంచే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. ఆ కుటుంబం మందులు ఎన్ని ప్రాణాలు నిలబెట్టాయో! కాన్పు జ్వరానికి, న్యుమోనియాకి, రక్తవిరేచనాలకి యాంటీబయోటిక్ కావలసిందే. డాక్టరు రాస్తే చెప్పిన మోతాదు, చెప్పినన్ని రోజులు వెయ్యాల్సిందే.

కానీ పసిపిల్లల నీళ్ళ విరేచనాల్లో చాలా భాగం వైరస్‌ల వల్ల వచ్చేవి. వాటి మీద యాంటీబయోటిక్ పనిచెయ్యదు. అది పనిచేసేది కడుపులోని మంచివాళ్ళ మీదే. పోయినసారి మందు పోస్తే రెండ్రోజుల్లో తగ్గింది అంటారు. పొయ్యకపోయినా తగ్గేదే. డెన్మార్క్‌లో 12 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళకి నాలుగు రోజులు మూడు గట్టి యాంటీబయోటిక్స్ ఇచ్చి చూశారు. నెలన్నరలో కడుపులోని బ్యాక్టీరియా చాలావరకు తిరిగొచ్చాయి. ఆరు నెలలైనా చాలామందిలో 9 మామూలు రకాలు జాడ లేవు. ఆ ఫలితాలు 2018లో వచ్చాయి. పెద్దవాళ్ళ కుదురుకున్న కడుపు సంగతే అది. ఇంకా కాపురం కుదురుకోని పసికడుపు సంగతి ఆలోచించండి.

అలాగని ‘మట్టిలో వదిలెయ్యండి, శక్తి వస్తుంది’ అనేవాళ్ళ మాటా వినకండి. మురికినీరు మంచి బ్యాక్టీరియాని ఇవ్వదు, ప్రాణం తీస్తుంది. సబ్బుతో చేతులు కడగడం, కాచిన నీళ్ళు, టీకాలు వీటిలో రాజీ లేదు. ఆరు నెలలు దాటిన పిల్లలకి మెత్తగా ఉడికిన పప్పు, ఆకుకూర, పెరుగు అలవాటు చెయ్యండి. పీచు తిని పెద్దపేగులోని బ్యాక్టీరియా తయారుచేసే బ్యూటిరేట్ అనే ఆమ్లం, రోగనిరోధక వ్యవస్థను నిగ్రహించే కణాల్ని పెంచుతుందని 2013లో ఎలుకల్లో రుజువైంది.

చెంచా ఎవరి చేతిలో?

ఇక నేను చెప్పదలచుకున్న అసలు మాట. నీళ్ళ విరేచనాలకి వైద్యం మనందరికీ తెలుసు. ఓఆర్ఎస్, పద్నాలుగు రోజులు జింక్, తల్లిపాలు, తిండి ఆపకపోవడం. మరి తెలిసీ సీసా ఎందుకు పడతాం? మందు పొయ్యడానికి అరనిమిషం చాలు. ఓఆర్ఎస్ తాగించడానికి ఒక మనిషి కావాలి. పక్కన కూర్చుని, నిమిషానికో చెంచా, వాంతి అయితే పది నిమిషాలాగి మళ్ళీ చెంచా, రాత్రంతా. ఆ మనిషి ఎప్పుడూ తల్లే. ఆమెకి ఆఫీసు ఉన్నా, కూలి ఉన్నా, ఇంటెడు చాకిరీ ఉన్నా ఆమే. తీరిక లేని తల్లికి యాంటీబయోటిక్ మందు కాదు, సెలవుచీటీ. నాకూ అప్పట్లో అదే.

అందుకే తల్లులకి బుద్ధులు చెప్పి ఊరుకుంటే లాభం లేదు. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్-1 ప్రకారం చాలా యాంటీబయోటిక్స్‌ను డాక్టరు చీటీ చూసి, రిజిస్టరులో రాసి అమ్మాలి. దాన్ని కాగితం మీద కాక కౌంటరు దగ్గర అమలు చెయ్యాలి. బిడ్డ జబ్బుపడితే సెలవు అడిగే హక్కు తల్లికే కాదు, తండ్రికీ ఉండాలి. ఆ సెలవు పెట్టిన మగవాణ్ణి చూసి నవ్వకూడదు.

ఆ సాయంత్రం డాక్టరుగారు పిల్లవాణ్ణి చూసి యాంటీబయోటిక్ రాయలేదు. ఓఆర్ఎస్, జింక్ చాలన్నారు. కళ్ళు లోతుకు పోయినా, ఒంటేలు తగ్గినా, మత్తుగా పడుకున్నా, ఏదీ తాగకపోయినా, రక్తం కనిపించినా క్షణం ఆగకుండా తీసుకురమ్మన్నారు. ఆ రాత్రి మా అల్లుడు చెంచా తన చేతిలోకి తీసుకున్నాడు. మర్నాడు సెలవు పెట్టాడు. మూడోరోజు కూడా విరేచనాలవుతుంటే, ‘‘ఇప్పటికైనా పోద్దామా అత్తయ్యగారూ?’’ అన్నాడు. ఆ మాటకి నా గుండె కూడా కొట్టుకుంది. డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన ధైర్యం మీద ఆగాం. ఐదోరోజుకి వాడు మామూలయ్యాడు.

మూత తియ్యని ఆ సీసా ఇంకా వాళ్ళ ఫ్రిజ్ తలుపు అరలోనే ఉంది. తీసెయ్యమని మా అమ్మాయికి చెప్పాలి. మీ ఫ్రిజ్ తలుపు అరలో ఏముందో, మీరూ ఇవాళ ఒక్కసారి చూడండి.